బండి ఒక పక్కకి లాగుతోందా? అలైన్‌మెంట్ షాపుకి వెళ్ళే ముందు ఇవి చూడండి

పదేళ్ళు దాటిన చిన్న కార్ల యజమానులు తరచూ అనే మాట ఒకటుంది: "బండి ఎడమకి లాగేస్తోందండీ." ఆ మాట అన్న మరుక్షణం చాలామంది నేరుగా అలైన్‌మెంట్ షాపుకి వెళ్తారు. అక్కడ చక్రాలు నిలబడే కోణాలు సరిచేస్తారు, కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ మొదటికొస్తుంది. లోపల బుష్ (భాగాల మధ్య ఉండే రబ్బరు) చిరిగి ఉన్నా, బాల్ జాయింట్ వదులైనా, ఒక పక్క బ్రేకు పట్టేసి ఉన్నా అలైన్‌మెంట్ యంత్రం వాటిని బాగుచెయ్యలేదు. వదులుగా ఉన్న భాగం షాపులో ఒక చోట నిలబడుతుంది, రోడ్డు మీద బరువు పడగానే ఇంకో చోటికి జరుగుతుంది. మీరు డబ్బులిచ్చి చేయించుకున్న కొలత అక్కడితో చెల్లిపోయింది.

అందుకే ఈ వరస పాటించండి: ముందు టైర్లు, తర్వాత బ్రేకులు, తర్వాత వదులైన భాగాలు, అన్నీ అయ్యాక అలైన్‌మెంట్. మొదటి మూడింటిలో చాలా భాగం ఇంటి ముందే, దాదాపు ఖర్చు లేకుండా చూసుకోవచ్చు.

ఇక్కడ చెప్పేది మారుతి 800, ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, శాంత్రో, ఇండికా లాంటి బళ్ళకి వర్తిస్తుంది. ఇంజిన్ ముందు చక్రాల్ని తిప్పే బళ్ళివి. వీటి ముందు సస్పెన్షన్ అమరిక ఇంచుమించు ఒకటే. షాక్ అబ్జర్వర్, స్ప్రింగ్ కలిసిన నిలువు స్తంభాన్ని స్ట్రట్ అంటారు. దాని పైకొస స్ట్రట్ మౌంట్‌తో బాడీకి, కిందికొస చక్రాన్ని మోసే నకిల్‌కి బిగించి ఉంటుంది. నకిల్ అడుగున బాల్ జాయింట్, దాన్ని పట్టుకుని లోయర్ ఆర్మ్, ఆర్మ్ లోపలి పక్క రబ్బరు బుష్‌లు ఉంటాయి. స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగే అడ్డ కడ్డీ) నుంచి వచ్చి చక్రాన్ని తిప్పేది టై రాడ్. రెండు పక్కల్నీ కలుపుతూ అడ్డంగా ఉండే కడ్డీ స్టెబిలైజర్ బార్. చాలా బళ్ళలో దాని కొసలకి లింక్ రాడ్లుంటాయి. ఈ పేర్లు తెలిస్తే మెకానిక్ ఏం మార్చమంటున్నాడో, ఎందుకు మార్చమంటున్నాడో మీకు అర్థమవుతుంది.

కావాల్సినవి: జాకీ, రెండు యాక్సిల్ స్టాండ్లు, వీల్ స్పానర్, గాలి చూసే మీటరు, టేపు, టార్చి, పొడుగాటి గట్టి ఇనుప కడ్డీ, సాయానికి ఇంకో మనిషి. స్టాండ్ లేకుండా ఒట్టి జాకీ మీద ఎత్తిన బండి కింద తల గానీ చెయ్యి గానీ పెట్టొద్దు. గట్టి నేల మీద నిలిపి, నేల మీద ఉండే చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాకే జాకీ వెయ్యండి. వీల్ నట్లని చక్రం ఇంకా నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసుకోవాలి.

ముందు రోడ్డుని అనుమానించండి

మన తారు రోడ్లు నడిమధ్య కొంచెం ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు, వాన నీళ్ళు నిలవకుండా. మనం నడిపేది ఎడమ పక్కన. కాబట్టి ఏ లోపమూ లేని బండి కూడా నెమ్మదిగా ఎడమకి జరగడం సహజం. ఒక పక్కగా గాలి వీచినా ఇలాగే అనిపిస్తుంది. నల్లరేగడి నేలల్లో, అంటే ఆదిలాబాద్, కర్నూలు లాంటి చోట్ల, మట్టి ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉండడం వల్ల రోడ్డే అలలు అలలుగా తయారవుతుంది. అలాంటి రోడ్డు మీద బండిని పరీక్షించి లాభం లేదు.

చదునుగా, ఖాళీగా ఉండే చోటు వెతకండి. కొత్తగా వేసిన లేఅవుట్ రోడ్డు, పారిశ్రామికవాడలో ఆదివారం పొద్దుటి రోడ్డు పనికొస్తాయి. సీజన్ లేనప్పుడు మార్కెట్ యార్డులో పొడుగ్గా పరిచిన సిమెంటు నేల దొరికితే అది ఇంకా మంచిది. హైవే మీద గానీ ఔటర్ రింగ్ రోడ్డు మీద గానీ ఈ ప్రయోగం వద్దు. గంటకి 40 కిలోమీటర్ల వేగం దగ్గర పట్టు వదులు చేసి, అరచేతుల్ని స్టీరింగ్ పక్కనే సిద్ధంగా ఉంచండి. అదే నేల మీద వెనక్కి తిరిగి వస్తూ ఇంకోసారి చూడండి. పోతున్నప్పుడు ఎడమకి, వస్తున్నప్పుడు కుడికి జరిగితే వాలు నేలది. రెండుసార్లూ ఒకే పక్కకి వెళ్తే లోపం బండిలో ఉంది.

ఎప్పుడు లాగుతోంది?

మొత్తం పనిలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఎటు లాగుతోంది అన్నదానికంటే ఎప్పుడు లాగుతోంది అన్నదే ఎక్కువ విషయం చెబుతుంది. కింది సందర్భాలు ఒక్కొక్కటీ విడిగా చూసి కాగితం మీద రాసుకోండి.

ఒకే వేగంలో వెళ్తున్నప్పుడు ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతుంటే ముందు అనుమానం టైరు మీద, గాలి మీద. తర్వాత పట్టేసిన బ్రేకు, ఆ తర్వాత కోణాలు.

బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగితే బ్రేకులు చూడాలి, లేదంటే లోయర్ ఆర్మ్ బుష్. ఇక్కడ చాలామంది పొరబడతారు. బ్రేకు తొక్కితే బండి ఎడమకి లాగుతోందంటే ఎడమ బ్రేకు చెడిందని అనుకుంటారు. చాలాసార్లు ఎడమది సరిగ్గానే పట్టుకుంటూ ఉంటుంది, కుడిది పనిచెయ్యక వెనకబడుతుంది. బలంగా పట్టుకునే పక్కకే బండి వెళ్తుంది. కాబట్టి రెండు పక్కలా విప్పి చూడకుండా ప్యాడ్లు మార్చొద్దు.

యాక్సిలరేటర్ నొక్కితే ఒక పక్కకి, వదిలేస్తే ఇంకో పక్కకి బండి తూలితే దాదాపు ఖాయంగా లోయర్ ఆర్మ్ బుష్ పోయిందనుకోవచ్చు. ఇంజిన్ తోసినప్పుడు చక్రం ముందుకి, వదిలినప్పుడు వెనక్కి జరుగుతోందన్నమాట. మారుతి 800లో స్టెబిలైజర్ బారే లోయర్ ఆర్మ్‌ని ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టుకునే పని కూడా చేస్తుంది. అందుకని ఆ బండిలో బార్ బుష్‌లు అరిగినా ఇదే లక్షణం కనబడుతుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రం కాస్త ఒక పక్కకి లాగి, మామూలుగా నడిపేటప్పుడు బాగుంటే కంగారు పడక్కర్లేదు. ఇంజిన్ అడ్డంగా కూర్చున్న బళ్ళలో ఇంజిన్ శక్తిని చక్రాలకి అందించే రెండు డ్రైవ్ షాఫ్టుల పొడవు ఒకటి కాకపోవడం వల్ల ఆ మాత్రం తేడా వస్తుంది.

ఇంకో విచిత్రమైన లక్షణం ఉంది. కుడికి మలుపు తిరిగాక బండి కుడికే లాగుతుంది, ఎడమకి తిరిగాక ఎడమకే లాగుతుంది. స్టీరింగ్ తనంతట తను మధ్యకి రాదు. ఇది అలైన్‌మెంట్ సమస్యలా కనిపిస్తుంది గానీ అసలు సంగతి ఏదో ఒక జాయింట్ బిగుసుకుపోవడం. ఎక్కువసార్లు అది స్ట్రట్ పైన ఉండే బేరింగ్. బండి నిలిపి, వేలు ఇరుక్కోకుండా జాగ్రత్తగా స్ప్రింగ్ మీద అరచెయ్యి ఆనించి, ఇంకొకరిని స్టీరింగ్ నెమ్మదిగా తిప్పమనండి. స్ప్రింగ్ సాఫీగా తిరగాలి. కాసేపు ఆగి "టంగ్" మని ఒక్కసారిగా విడుచుకుంటే బేరింగ్ పట్టేసింది. రెండు పక్కలా ఆ బేరింగ్ బాగుంటే బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ బిగుసుకున్నాయేమో చూడాలి. ఇలాంటి బండికి ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా ప్రతిసారీ వేరే కొలతే వస్తుంది.

టైర్లు

గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కరు మీద గానీ, బండితో ఇచ్చిన పుస్తకంలో గానీ ఉంటుంది. పంక్చర్ షాపులో అందరికీ కొట్టే లెక్క మీ బండికి సరిపోవాలని లేదు. ముందు రెండు టైర్ల మధ్య మూడు నాలుగు పీఎస్ఐ తేడా ఉన్నా తక్కువ గాలి ఉన్న పక్కకి బండి లాగుతుంది. బంకులో మీటరు మీద పూర్తి నమ్మకం పెట్టుకోకుండా చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి.

తర్వాత టైరు గోడ మీద నాలుగంకెల సంఖ్య వెతకండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పాత బళ్ళలో నాలుగు టైర్లూ నాలుగు కాలాలవి, నాలుగు రకాలవి కనిపిస్తుంటాయి. ముందు రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, దగ్గర దగ్గరగా అరిగినవి అయి ఉండాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క అరిగినది వేస్తే లాగడం మామూలే. గోడ మీద బుడిపె లేచి ఉంటే లోపలి దారాలు తెగాయని గుర్తు. ఆ టైరుతో ఇంకెక్కడికీ వెళ్ళొద్దు, స్టెప్నీ వేసుకోండి.

అరచేతిని టైరు మీద అడ్డంగా ఒకసారి లోపల్నుంచి బయటికి, ఒకసారి బయట్నుంచి లోపలికి నిమరండి. ఒక దిశలో నున్నగా, ఇంకో దిశలో రంపంలా తగిలితే టో (చక్రాల ముందంచులు లోపలికో బయటికో చూడడం) తేడాగా ఉంది. రెండంచులూ అరిగితే గాలి తక్కువతో తిరిగింది, మధ్యలో అరిగితే గాలి ఎక్కువతో. లోపలి అంచు ఒక్కటే అరిగితే క్యాంబర్ (చక్రం పైభాగం వాలు) గానీ టో గానీ తప్పింది. లోపలి అంచు నిలబడి చూస్తే కనిపించదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి టార్చి వేసి చూడాలి. అక్కడక్కడ గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జర్వర్ నీరసించింది. టైరు మీది గాడుల లోతు 1.6 మి.మీ.కి వచ్చిన టైరుని ఏ పరీక్షా చెయ్యకుండానే మార్చేయాలి.

ఇప్పుడు అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష: ముందు రెండు టైర్లనీ ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి, అదే చోట మళ్ళీ నడపండి. లాగే దిక్కు మారిపోతే దోషం టైరుదే. రేడియల్ టైరు లోపలి పొరలు కాస్త వంకరగా కూర్చుంటే చూడ్డానికి కొత్తగా ఉన్నా ఒక పక్కకి తోస్తుంది. దాన్ని వెనక్కి వేసుకుంటే చాలావరకు సమస్య తీరుతుంది. దిక్కు మారకుండా అలాగే ఉంటే టైర్లని అనుమానించడం ఆపేయండి. గోడ మీద బాణం గుర్తున్న టైర్లని మాత్రం పక్కలు మార్చకూడదు. వాటిని అదే పక్కన ముందుది వెనక్కి, వెనకది ముందుకి మార్చి చూడాలి.

బ్రేకు పట్టేసిందా

అయిదారు కిలోమీటర్లు వీలైనంత తక్కువ బ్రేకుతో నడిపి, ఆఖర్న బండిని దానంతటది ఆగనివ్వండి. దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూడండి. ముట్టుకోవద్దు, రిమ్ముకి దగ్గరగా పెడితే చాలు. ముందు రెండింటిలో ఒకటి బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. వెనక చక్రాల్లో ఒకటి వేడెక్కితే హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి ఇరుక్కుందేమో చూడాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మరీ ఎక్కువ.

అనుమానం ఉన్న చక్రాన్ని ఎత్తి, న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తిప్పండి. ఇంకొకరిని బ్రేకు తొక్కి వదలమనండి. వదిలిన వెంటనే చక్రం తిరగాలి. గట్టిగా ఉండిపోతే కారణం ఎక్కడుందో తేల్చే పద్ధతి ఉంది. క్యాలిపర్ (ప్యాడ్లని డిస్క్ మీదకి నొక్కే భాగం) మీది బ్లీడర్ నట్టుని (బ్రేకు ఆయిల్లోంచి గాలి తీసే నట్టు) మెకానిక్ చేత కొంచెం వదులు చేయించండి. ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే తిరిగితే క్యాలిపర్ బాగానే ఉంది, పైనుంచి వచ్చే ఒత్తిడి తిరిగి వెనక్కి పోవడం లేదు. పాత బళ్ళలో చాలాసార్లు బ్రేక్ హోస్ (ఆయిల్ వెళ్ళే రబ్బరు గొట్టం) లోపల రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోతుంది. బయటికి హోస్ కొత్తదానిలా కనిపిస్తుంది కాబట్టి దాన్నెవరూ అనుమానించరు. నట్టు వదిలినా చక్రం తిరక్కపోతే పిస్టన్ గానీ, క్యాలిపర్ జారే పిన్నులు గానీ పట్టేశాయి. పిన్నులైతే తీసి శుభ్రం చేసి, బ్రేకులకి వాడే గ్రీజు పెడితే సరిపోతుంది. మామూలు గ్రీజు పెడితే వాటి రబ్బరు ఉబ్బుతుంది. బ్లీడర్ తెరిచిన తర్వాత బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీయించకుండా బండి కదపొద్దు.

బ్రేకు వేసినప్పుడు పక్కకి లాగకుండా స్టీరింగ్ వణికితే అది వేరే రోగం, డిస్క్ మందం అన్ని చోట్లా సమానంగా లేదు. బ్రేకుతో సంబంధం లేకుండా గంటకి 80 దాటాక వణికితే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి.

వదులు ఎక్కడుంది

ఇంజిన్ ఆపి, చక్రాలు తిన్నగా ఉంచి, స్టీరింగ్‌ని రెండు వేళ్ళతో అటూ ఇటూ ఆడించండి. టైరు కదలకముందే స్టీరింగ్ అంచు దగ్గర సుమారు 30 మి.మీ. కంటే ఎక్కువ తిరిగితే ప్లే (వదులు కదలిక) ఎక్కువైంది. ఇప్పుడు బండి నేల మీద ఉండగానే సాయం మనిషిని ఆ కాస్త ప్లేలోనే స్టీరింగ్‌ని టకటకా ఆడిస్తూ ఉండమని, మీరు చక్రం వెనక టార్చి వేసి టై రాడ్ ఎండ్‌ని చూడండి. టై రాడ్ కదులుతోంది, నకిల్ మాత్రం కాస్త ఆలస్యంగా కదులుతోంది అంటే ఎండ్ పోయింది. జాయింట్ మీద వేలు ఆనిస్తే కంటికి కనబడని ప్లే కూడా తెలుస్తుంది. అక్కడ బాగుంటే లోపలికి వెళ్ళి ర్యాక్ ఎండ్, ర్యాక్ మౌంట్ బుష్‌లు చూడాలి. ర్యాక్ ఖరీదైన భాగం. ఈ చిన్న జాయింట్లన్నీ చూడకుండా ర్యాక్ మార్చమంటే ఒప్పుకోకండి.

తర్వాత చక్రం ఎత్తి, స్టాండ్ పెట్టి, టైరు పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక తగిలితే వీల్ బేరింగ్ గానీ బాల్ జాయింట్ గానీ. ఏది అన్నది తేల్చడానికి సాయం మనిషిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. ప్లే మాయమైతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు ముందు చక్రం కదిలితే టై రాడ్ వైపు చూడాలి. వెనక చక్రాల దగ్గర ఎటు ఊపినా కదిలితే ముందు బేరింగ్‌నే అనుమానించాలి.

బాల్ జాయింట్‌ని ఇంకోసారి కడ్డీతో కూడా చూడండి. లోయర్ ఆర్మ్‌కీ నకిల్‌కీ మధ్య కడ్డీ దూర్చి మెల్లగా పైకీ కిందకీ తోస్తే, జాయింట్ గిన్నెలో బంతి లేచి పడడం కంటికి కనబడుతుంది. దాని రబ్బరు టోపీ చిరిగి గ్రీజు బయటికి వచ్చి ఉంటే, ఇప్పుడు ప్లే లేకపోయినా ఒక వానాకాలం గడిచేసరికి దుమ్ము, నీళ్ళు చేరి పోతుంది. అదే కడ్డీతో ఆర్మ్ బుష్‌లని కూడా నొక్కి చూడాలి. పైపైన చిన్న పగుళ్ళుంటే భయం లేదు. రబ్బరు లోపలి ఇనుప గొట్టం నుంచి విడిపోయినా, ఆర్మ్ ముందుకీ వెనక్కీ సులువుగా జరిగినా మార్చాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బండి కడిగిన తర్వాత అడుగున డీజిల్‌తోనో వాడేసిన ఆయిల్‌తోనో కొట్టే అలవాటు మన వాషింగ్ సెంటర్లలో ఇంకా ఉంది. తుప్పు పట్టదని, కిర్రుమనే శబ్దం పోతుందని చేయించుకుంటారు. శబ్దం నాలుగు రోజులు పోతుంది, రబ్బరు మాత్రం మెత్తబడి ఉబ్బి తొందరగా చిరుగుతుంది. బుష్ కిర్రుమంటే సిలికాన్ స్ప్రే వాడండి, డీజిల్ మాత్రం వద్దనండి.

షాకులు, స్ప్రింగులు

బానెట్ మూల మీద బరువంతా వేసి నొక్కి వదలండి. బండి పైకి లేచి, కొంచెం దిగి, అక్కడే ఆగాలి. రెండు మూడుసార్లు ఊగితే ఆ షాక్ పనైపోయింది. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన షాక్ బాగుందనుకోవద్దు, పూర్తిగా చచ్చినదే దీనికి దొరుకుతుంది. స్ట్రట్ మీద నూనె కారి దాని మీద దుమ్ము ముద్దగా పట్టి ఉంటే లోపలి సీలు పోయింది. షాకులు ఎప్పుడూ జతగా మార్చాలి, ముందు రెండూ గానీ వెనక రెండూ గానీ. ఒక్కటే మారిస్తే మలుపుల్లో, బ్రేకులో రెండు పక్కలూ రెండు రకాలుగా స్పందిస్తాయి.

చదునైన నేల మీద చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలవండి. ఎడమకీ కుడికీ సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే స్ప్రింగ్ కుంగింది, లేదా విరిగింది. విరిగే చోటు ఎక్కువగా అడుగున, స్ప్రింగ్ ఆనే గిన్నెలో దాగి ఉండే చుట్టు దగ్గర. గుంతలో బలంగా పడిన తర్వాతే బండి లాగడం మొదలుపెట్టి ఉంటే ఇంకో కొలత కూడా తీయండి. చక్రాలు తిన్నగా పెట్టి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా రెండు పక్కలా కొలవాలి. ఒక పక్క స్పష్టంగా తక్కువ వస్తే లోయర్ ఆర్మ్ గానీ స్ట్రట్ గానీ వంగింది. పాత బండి కొనేటప్పుడు ఈ కొలత తప్పకుండా తీయండి. యాక్సిడెంట్ సంగతి అమ్మేవాళ్ళు చెప్పకపోయినా టేపు చెప్పేస్తుంది.

శబ్దాలు వినండి

కిటికీలు దించి, గోడ పక్కగా నెమ్మదిగా నడపండి, శబ్దం గోడకి కొట్టుకుని స్పష్టంగా వినిపిస్తుంది. చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళ మీద కటకటలాడితే ముందు లింక్ రాడ్ చూడండి. తక్కువ ఖర్చుతో పోతుంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఒక్కటే "ధడ్" మంటే ఆర్మ్ బుష్ లేదా స్ట్రట్ మౌంట్. ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పితే "టక్" మంటే స్ట్రట్ మౌంట్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇస్తే వరసగా టకటకమంటే అది సస్పెన్షన్ కాదు, డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్. వేగంతో పాటు పెరిగే "గుయ్" మనే శబ్దం వీల్ బేరింగ్‌ది. కుడికి తిరిగినప్పుడు ఆ శబ్దం పెరిగితే బరువు ఎడమ మీద పడుతోంది కాబట్టి ఎడమ బేరింగ్‌ని అనుమానించాలి.

పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో ఏదీ దొరక్కపోతే ఇది కూడా చూడండి. ముందు రెండు చక్రాలూ ఎత్తి స్టాండ్ల మీద నిలిపి, వెనక చక్రాలకి అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్ స్టార్ట్ చేయండి. స్టీరింగ్ ఎవరూ ముట్టుకోకుండానే ఒక పక్కకి తిరగడం మొదలుపెడితే లోపం పవర్ స్టీరింగ్‌లోనే ఉంది. ఎలక్ట్రిక్ స్టీరింగ్ అయితే సెన్సార్‌ని స్కానర్‌తో మధ్యకి సెట్ చేయించాలి.

ఇవి కనబడితే బండి తీయొద్దు

బాల్ జాయింట్‌లో స్పష్టంగా ప్లే ఉన్నా, టై రాడ్ ఎండ్ చేతికి వదులుగా తగిలినా, టైరు గోడ ఉబ్బినా, స్ప్రింగ్ విరిగినా బండిని గ్యారేజీకి కూడా నడుపుకుంటూ పోవద్దు. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది, టై రాడ్ ఊడితే స్టీరింగ్ ఉన్నా లేనట్టే. మెకానిక్‌ని ఇంటికి పిలిపించండి, లేదా బండిని ఎత్తుకెళ్ళే వాహనం తెప్పించండి. లింక్ రాడ్ కటకటకి ఇంత టెన్షన్ అక్కర్లేదు, వీలు చూసుకుని మార్పించండి.

మెకానిక్ దగ్గర, అలైన్‌మెంట్ దగ్గర

లోయర్ ఆర్మ్ గానీ బుష్‌లు గానీ మార్పిస్తుంటే పక్కనే ఉండి ఒకటి గమనించండి. బుష్ మధ్యగా పోయే బోల్టుల్ని బండి లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా ఆఖరి బిగింపు బిగించకూడదు. అలా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలిపడి, ఆ మెలికలోనే ఎప్పుడూ ఉండి, కొన్ని నెలల్లో చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. కొత్త బుష్‌లు త్వరగా పోతున్నాయని కంపెనీని తిట్టేవాళ్ళలో ఎంతోమందికి అసలు కారణం ఇదే.

లోయర్ ఆర్మ్, స్ట్రట్, టై రాడ్ ఎండ్, ర్యాక్ వీటిలో ఏది మార్చినా అలైన్‌మెంట్ తప్పనిసరి. లింక్ రాడ్ మారిస్తే అక్కర్లేదు.

షాపుకి గాలి సరిచూసుకుని, డిక్కీలో బరువులు తీసేసి వెళ్ళండి. సరిచేయకముందు కొలతలు, చేశాక కొలతలు రెండూ ప్రింటు అడగండి. అందులో మూడు మాటలుంటాయి. చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం క్యాంబర్. ఎటు పక్క చక్రం పైభాగం ఎక్కువగా బయటికి వాలితే బండి అటు లాగుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు పైకొస వెనక్కి వాలే కోణం క్యాస్టర్. ఏ పక్క తక్కువగా ఉంటే అటు లాగుతుంది. ఈ రెండింటిలోనూ ఎడమకీ కుడికీ మధ్య అర డిగ్రీ దాటిన తేడా ఉంటే లాగడానికి అది చాలు. చక్రాల ముందంచులు లోపలికో బయటికో చూడడం టో. ముందు చక్రాల టో తప్పితే స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది, టైర్లు తినేస్తుంది గానీ అదొక్కటే బండిని లాగేలా చేయడం తక్కువ. వెనక చక్రాల టో తప్పితే మాత్రం బండి పీతలా వంకరగా నడుస్తుంది. అందుకే నాలుగు చక్రాల కొలత అడగండి.

మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి సరిచేసుకునే ఏర్పాటు ముందు టోకి మాత్రమే ఉంటుంది. క్యాంబరో క్యాస్టరో తప్పిందంటే ఏదో వంగింది, వదులైంది, లేదా కుంగింది. ఆ భాగం వెతికి మార్చాలి. కొన్ని చోట్ల స్ట్రట్‌ని హైడ్రాలిక్ జాకీతో వంచి క్యాంబర్ సరిచేస్తామంటారు. ఒప్పుకోవద్దు. కొలత కుదురుతుంది గానీ షాక్ లోపలి కడ్డీ ఒరుసుకుని సీలు పోతుంది, వంచిన ఇనుము బలహీనపడుతుంది. అలాగే స్టీరింగ్ వంకరగా ఉందని స్టీరింగ్ చక్రాన్నే విప్పి తిన్నగా పెట్టనివ్వొద్దు. రెండు టై రాడ్లనీ తిప్పి మధ్యకి తేవాలి, తర్వాత లాక్ నట్లు బిగించారో లేదో అడిగి చూసుకోవాలి.

పదిహేనేళ్ళు నిండిన సొంత బండికి అయిదేళ్ళ కోసం రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించబోతుంటే, తనిఖీకి వెళ్ళే ముందే పై పరీక్షలన్నీ ముగించుకోండి.

చక్రాలు విప్పిన ప్రతిసారీ నట్లని ఎదురెదురుగా బిగించండి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి స్పానర్ వేసి చూడండి.